ప్రశ్నపత్రం ఎవరి చేతిలో ఉంది?

(గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి వర్ధంతి సందర్భంగా మోతీనగర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



గిడుగు వారి పేరు మీద మాట్లాడమంటే ఎవరికైనా ముందు వ్యావహారిక భాష గుర్తొస్తుంది, తర్వాత సవర భాష. నాకు మాత్రం ముందు ఆయన ఉద్యోగం గుర్తొస్తుంది. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరి, పిల్లలకు పాఠం చెప్పుకుంటూ బతికినవాడు. ఆయన చేసిన యుద్ధాన్ని మనం సాహిత్య చరిత్రలో చదువుకున్నాం. పరీక్షల చరిత్రలో కూడా దానికి ఒక అధ్యాయం ఉండాలి. ఈ పూట నా మాట అక్కణ్ణుంచే ఎత్తుకుంటాను.

1906 ప్రాంతంలో ఉత్తర సర్కారుల బడులకు యేట్స్ అనే దొర ఇన్‌స్పెక్టరు. పుస్తకంలో ఉన్న తెలుగుకూ పిల్లల నోట్లో ఉన్న తెలుగుకూ పొంతన లేదేమిటని ఆయనకు సందేహం వచ్చింది. ఆ సందేహం విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారి దగ్గరికి, గురజాడ, గిడుగుల దగ్గరికి చేరింది. చివరికి 1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు విద్యార్థి తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలోనైనా ఆధునిక భాషలోనైనా రాయవచ్చునన్న వెసులుబాటు వచ్చింది. అప్పుడు లేచింది అసలు గగ్గోలు. జయంతి రామయ్య పంతులు గారు ముందు నిలవగా పండితులంతా అర్జీల మీద అర్జీలు పెట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయం వ్యాసరచన సంగతి తేల్చడానికి సంఘం వేసింది. సంఘంలో ఎక్కువమంది గ్రాంథికం వైపే ఉన్నారు. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. అప్పటికే పత్రికల్లో, నాటకాల్లో వాడుక భాష ఉంది. 'కన్యాశుల్కం' వచ్చి చాలా ఏళ్లయింది. రాసేవాళ్లను ఎవరూ జైల్లో పెట్టలేదు. మరి అంత పెద్ద యుద్ధం స్కూలు ఫైనలు వ్యాసం మీద ఎందుకు జరిగింది? బడిలో ఏ తెలుగు బతుకుతుందో తేల్చేది ఏ తెలుగుకు మార్కులు పడతాయన్నదే కనుక. ఈ సంగతి గ్రాంథికవాదులకు తెలుసు, వ్యావహారికవాదులకూ తెలుసు. పాఠ్యపుస్తకం ఏం చెప్పినా, పంతులుకు ఏం ఇష్టమైనా, జవాబుపత్రం దిద్దేవాడి ఎర్రసిరా ఎటు మొగ్గితే తరగతి అటే మొగ్గుతుంది. ఆ రోజు వాళ్లు పోట్లాడింది భాష గురించే, కానీ పోట్లాట జరిగిన చోటు పరీక్ష.

అంతకు ముందు తరంలో ఇంకా నాటు పద్ధతి ఉండేది. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో అనే మంత్రి ఒక నియమావళి తెచ్చాడు. ఇన్‌స్పెక్టరు బడికి వచ్చి ఒక్కో పిల్లవాడినీ చదువు, రాత, లెక్కల్లో పరీక్షిస్తాడు. ఎంతమంది నెగ్గితే బడికి అంత గ్రాంటు. కవి మాథ్యూ ఆర్నాల్డ్ బడుల ఇన్‌స్పెక్టరుగానే బతికాడు. చదువు యంత్రంలా తయారవుతోందని ఆయన మొత్తుకున్నాడు. ఆ విధానం ఓడెక్కి మద్రాసు రాజధానికీ వచ్చింది. అరుగుబడి పంతుళ్లకు ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చేవారు. ఇన్‌స్పెక్టరు అడిగే నాలుగు ముక్కలు పిల్లల చేత వల్లె వేయిస్తే పంతులింట్లో పొయ్యి వెలుగుతుంది. అలాంటప్పుడు పంతులు ఏం చేస్తాడో ఊహించడానికి పరిశోధన అక్కర్లేదు. ఇంగ్లండులో దాన్ని 1890లలో వదిలేశారు. మనం వదిలేశామా అన్నదే ఈ ఉపన్యాసం.

కాగితం మీద చూస్తే వదిలేశాం. 2009 విద్యాహక్కు చట్టం తీసి చదవండి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 29వ సెక్షనులో నిరంతర సమగ్ర మూల్యాంకనం అని రాసి ఉంది. 24వ సెక్షను ప్రతి పిల్లవాడికీ ఎంతవరకు వచ్చిందో అంచనా వేసి, అవసరమైతే అదనంగా చెప్పే పనిని టీచరుకు అప్పగించింది. అదే చట్టం ఎనిమిదో తరగతి దాటేదాకా బోర్డు పరీక్ష వద్దంది. అంటే పిల్లవాడిని తూచే తక్కెడను చట్టమే టీచరు చేతికిచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011 పాఠ్యప్రణాళిక చట్రం అదే దారిలో నడిచింది. తెలంగాణ పదో తరగతిలో 2014-15 నుంచి 80 మార్కులు బయటి పరీక్షకు, 20 బడిలోని మూల్యాంకనానికి ఇచ్చారు. ఆ 20కి నాలుగు పనిముట్లు: పిల్లల భాగస్వామ్యం, రాతపనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష. మనం స్లిప్ టెస్ట్ అనే దాన్నే పుస్తకంలో లఘు పరీక్ష అంటారు. లైబ్రరీ పుస్తకం చదివి నాలుగు మాటలు రాయడానికి కూడా మార్కులు పెట్టారు. నా మట్టుకు నాకు మన ప్రభుత్వ విద్యలో అంత మంచి ఊహ అరుదుగా వచ్చింది.

ఆ ఊహ ఏమైందో మీ అందరికీ తెలుసు. జిరాక్సు షాపుల్లో ప్రాజెక్టులు దొరకడం మొదలైంది. పుస్తక సమీక్ష ఒకరు రాస్తే నలభై మంది దించారు. టీచర్లు పిల్లలతో గడిపే టైము తగ్గి రికార్డులు నింపే టైము పెరిగింది. సంగ్రహణాత్మక మూల్యాంకనం (ఎస్.ఏ.) పేపర్లు పైనుంచి వచ్చాయి, క్రమంగా బడిలోనే జరగాల్సిన నిర్మాణాత్మక మూల్యాంకనానికి (ఎఫ్.ఏ.) కూడా అదే అలవాటు పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో తరగతి గది ఆధారిత మూల్యాంకనం అని పేరు పెట్టి చిన్న తరగతుల పిల్లల చేతికి కూడా ఓఎంఆర్ షీటు ఇచ్చారు. పేరులో తరగతి గది ఉంది, పేపరు మాత్రం ఆ గదిలో పుట్టలేదు.

ఇక్కడికి దగ్గర్లోనే ఒక సర్కారు బడిలో నేను వెనక బల్ల మీద కూర్చుని చూసిన పాఠం చెబుతాను. ఆరో తరగతి గణితం, చుట్టుకొలత-వైశాల్యం. ఆ తరగతిలో సగం మంది తల్లిదండ్రులు బోరబండ, ఎర్రగడ్డ వైపు కూలిపనుల్లో ఉన్నవాళ్లు. కొందరు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో సెట్ పనికి పోయేవాళ్లు. టీచరమ్మ ఒక తాడు తెచ్చింది, కొలిస్తే 24 అడుగులు. పిల్లలను బయటికి తీసుకెళ్లి ఆ తాడుతో గదులు కట్టమంది. ఒక జట్టు 11 అడుగుల పొడవు, అడుగు వెడల్పు పెట్టింది. అది గది కాదు, గల్లీ అని మిగతావాళ్లు నవ్వారు. ఇంకో జట్టు 8కి 4 పెట్టింది. మరో జట్టు 6కి 6. సుద్దముక్కతో అడుగడుగు గళ్లు గీసి లెక్కపెట్టారు. 11, 32, 36. తాడు ఒకటే, లోపలి చోటు మాత్రం మూడు రకాలు. ఎందుకలా అని టీచరమ్మ అడిగి ఊరుకుంది. చాలాసేపు ఎవరూ పలకలేదు. ఆమె కూడా పలకలేదు. ఆ పలకకుండా ఉండటానికి ఎంత గుండె కావాలో పాఠం చెప్పినవాళ్లకు తెలుసు. చివరికి సెట్ కార్పెంటర్ కొడుకు ఒకడు అన్నాడు, "బీడింగు అన్నిటికీ అంతే పడ్తది టీచర్, కింద ప్లైవుడ్డే ఎక్కువ తింటది."

ఇంతకంటే బాగా ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

రెండు పీరియడ్లలో అయిపోవాల్సిన ఆ పాఠం వారం పట్టింది. ఈలోగా ఎఫ్.ఏ. వచ్చింది. పేపరులో తర్వాతి పాఠం నుంచి కూడా ప్రశ్నలున్నాయి, ఆమె అక్కడిదాకా రాలేదు. 24 సెం.మీ. చుట్టుకొలత గల చతురస్రపు భుజమెంత అన్న ప్రశ్నకు ఆ అబ్బాయి '6 ఫీట్లు' అని రాశాడు. వాడి లోకంలో గది సెంటీమీటర్లలో ఉండదు. మార్కులు పోర్టల్‌లో ఎక్కించాక తరగతి సగటు పక్క బడి కంటే తక్కువ కనిపించింది. పర్యవేక్షణకు వచ్చినాయన పీరియడ్ ప్లాన్ తిరగేసి, సిలబస్ వెనకబడిందేమని అడిగాడు. తాడు సంగతి అడగలేదు. అడగడానికి ఆయన ఫారంలో గడి లేదు. మరుసటి పాఠం ఆమె బోర్డు మీదే చెప్పేసింది.

నేను ఆ అధికారిని తప్పుపట్టను. ఆయనకూ పైనుంచి ఒక ఫారం ఉంటుంది, ఆ పైన ఇంకొకరికి డ్యాష్‌బోర్డు ఉంటుంది. తెలంగాణలో 2022 ఆగస్టు 15న 'తొలిమెట్టు' మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం మంచిదే: ఒకటి నుంచి ఐదు వరకు పిల్లలకు చదవడం, రాయడం, కూడికలు తీసివేతలు రావాలి. ఎవరు కాదంటారు? కానీ బేస్‌లైన్, మిడ్‌లైన్, ఎండ్‌లైన్ అంటూ ఒకదాని వెనక ఒకటి కొలతలు, వాటి మధ్య వారం వారం ప్రణాళికలు, నోడల్ ఆఫీసర్ సందర్శనలు. ఏం చెప్పాలో పైవాళ్లే చెబుతారు, ఎప్పుడు చెప్పాలో వాళ్లే చెబుతారు, వచ్చిందో లేదో కూడా వాళ్లే కొలుస్తారు. ఇక టీచరుకు మిగిలిందేమిటి? బాధ్యత!

ప్రైవేటు బడుల సంగతి ఎత్తకపోతే ఈ చుట్టుపక్కల గల్లీల్లో ఉన్నవాళ్లకు అన్యాయం చేసినట్టే. సర్కారు ఉత్తర్వు కంటే అక్కడి మైక్రో షెడ్యూలు గట్టిది. ఏ తేదీన ఏ పేజీ, ఏ రోజు ఏ స్లిప్ టెస్ట్, ఏ శనివారం ఏ వీకెండ్ టెస్ట్ అన్నది బ్రాంచీలన్నిటికీ ఒకే కాగితం మీద వస్తుంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. పిల్లలకు అర్థం కాలేదని ఇవాళ్టి పాఠం రేపు మళ్లీ చెప్పే అధికారం అక్కడి టీచరుకు లేదు. చెబితే రేపటి పేజీ ఎల్లుండికి పోతుంది, ఎల్లుండి టెస్టుంది. ఆ టీచర్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, జీతాలు చిన్నవి. ఉపాధ్యాయ స్వేచ్ఛ అని మనం ఉపన్యాసాలిచ్చేటప్పుడు వాళ్లు లెక్కలోకే రారు. సంఘం లేదు, సెలవు లేదు, ఈ సాయంత్రం ఈ సభకు రావడానికి వీలూ లేదు, స్టడీ అవర్‌లో ఉంటారు.

'35 - చిన్న కథ కాదు' అనే సినిమా 2024లో వచ్చింది. తిరుపతిలో లెక్కలు రాని ఒక పిల్లవాడి కథ. అందులో లెక్కల మాస్టారు పిల్లలను మార్కుల అంకెలతోనే పిలుస్తాడు. చూసినవాళ్లు ఆయన్ను విలన్ అనుకున్నారు. నాకు ఆయన మీద జాలేసింది. తననూ ఎక్కడో ఒకరు ఉత్తీర్ణత శాతంతోనే పిలుస్తూ ఉంటారు కదా. పక్కనే ఫిల్మ్‌నగర్ ఉంది కనుక అడుగుతున్నాను, ఆ మాస్టారు స్టాఫ్‌రూమ్‌లో ఎలా ఉంటాడో ఎవరైనా ఒక సినిమా తీస్తే బాగుండు.

ఇంతవరకు విని, పరీక్షలన్నీ తీసేయమంటున్నాడీయన అనుకునేవాళ్లుంటారు. అలా అనడానికి నాకు నోరు రాదు. కారణం మన రాష్ట్రంలోనే జరిగిన ఒక ప్రయోగం.

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచబ్యాంకు కలిసి పల్లె ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద అధ్యయనం మొదలుపెట్టాయి. చేసినవాళ్లు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. లాటరీ తీసి బడులను విడదీశారు. కొన్నింటిలో పిల్లల మార్కులు పెరిగినదాన్ని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చారు. ఒక వంద బడుల్లో బోనస్ టీచరుకు విడిగా ఇచ్చారు, ఇంకో వందలో బడి మొత్తానికి కలిపి ఇచ్చారు. రెండేళ్లకు చూస్తే ఆ బడుల పిల్లలు గణితంలోనూ తెలుగులోనూ మిగతావాళ్ల కంటే ముందున్నారు. బట్టీ ప్రశ్నల్లోనే కాదు, ఆలోచించాల్సిన ప్రశ్నల్లో కూడా. బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగయ్యారు. మార్కుకు డబ్బు కడితే చదువు పాడవుతుందని వాదించే నాలాంటివాళ్లకు ఇది మింగుడుపడని ఫలితం. దాచడం సభకు మర్యాద కాదు కనుక చెబుతున్నాను.

కానీ అదే పరిశోధకులు అదే కాలంలో ఇంకొకటి కూడా చేశారు, దాన్ని మన అధికారులెవరూ ప్రస్తావించరు. ఇంకో వంద బడుల్లో డబ్బు లేదు, శిక్ష లేదు. పిల్లలకు చక్కటి పరీక్ష పెట్టి, ఎవరికి ఏది వచ్చు, ఏది రాదు అని వివరమైన రిపోర్టులు టీచర్ల చేతికిచ్చారు. వాటిని ఎలా వాడుకోవాలో రాసిచ్చారు. అప్పుడప్పుడూ వెళ్లి చూశారు. మనుషులు చూస్తున్నప్పుడు టీచర్లు కష్టపడినట్టే కనిపించారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో తేడా మాత్రం సున్నా.

ఇప్పుడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టండి. బోనస్ ఇచ్చిన బడుల్లో ఎలా చెప్పాలో ఎవరూ చెప్పలేదు. ఫలానా పేజీ ఫలానా తేదీన అనలేదు. టీచర్లు తమకు తోచినట్టు చేసుకున్నారు: బడి అయ్యాక అదనపు క్లాసులు, ఇంటిపని, వెనకబడిన పిల్లల మీద శ్రద్ధ, సాధన పరీక్షలు. సెలవులు పెట్టడం తగ్గలేదు, ఉన్న రోజుల్లో పని పెరిగింది. రెండో రకం బడుల్లో కాగితాలున్నాయి, సలహాలున్నాయి, పర్యవేక్షణ ఉంది. సొంత పూనిక పుట్టించేది ఏదీ లేదు. మరి మన ఉత్తర్వులు ఏ రకం? అచ్చంగా రెండో రకం. రిపోర్టులు, రంగు రంగుల గ్రేడులు, సందర్శనలు. ఫలితమివ్వని ప్రయోగాన్నే ఏరికోరి రాష్ట్రమంతటా అమలు చేస్తున్నాం. బోనస్ ఇమ్మని నేను అడగడం లేదు. టీచరుకు దారి వదిలిన చోట పని జరిగింది, కాగితం ఇచ్చిన చోట జరగలేదు అన్న సంగతి మాత్రం గుర్తించమంటున్నాను.

అయితే టీచరు చేతికే మార్కులు వదిలేస్తే సరిపోతుందా? అదీ చూశాం. కరోనా వల్ల 2020లో, 2021లో తెలంగాణలో పదో తరగతికి ఎఫ్.ఏ. మార్కులను బట్టే గ్రేడు ఇచ్చారు. 2021లో 5 లక్షలకు పైగా పిల్లల్లో 2 లక్షల మందికి పైగా 10 జీపీఏ. మన పిల్లలు తెలివైనవాళ్లే, అయినా మరీ అంతా? 20కి 20 వేయడం ప్రైవేటులో అప్పటికే రివాజు. 2024 నవంబరులో ప్రభుత్వం ఇంటర్నల్ మార్కులు ఎత్తేసి మొత్తం 100కీ బయటి పరీక్షే పెడతామంది, గగ్గోలు లేవగానే ఆ ఏడాదికి వాయిదా వేసింది. టీచర్ల మీద నమ్మకం లేదా అని సంఘాలు అడిగాయి. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ 20 మార్కులు బతుకుదెరువుతో ముడిపడ్డాక అవి మూల్యాంకనం కావు. బడి పేరు, ఫీజు, కాలేజీ సీటు అన్నీ ఆ అంకె మీద కూర్చున్నాయి. టీచరు వేసినా, బోర్డు వేసినా అంత బరువెక్కిన అంకె నిజం చెప్పదు.

అమెరికాలో డొనాల్డ్ క్యాంబెల్ అనే శాస్త్రవేత్త 1970లలోనే ఈ మాట చెప్పాడు: ఒక కొలతను నిర్ణయాలకు ఎంత ఎక్కువ వాడితే ఆ కొలత అంత చెడుతుంది, కొలవాల్సిన పని కూడా దాంతోపాటే చెడుతుంది. వాళ్ల ప్రభుత్వం మాత్రం వినలేదు. 2002లో ఏ పిల్లవాడూ వెనకబడకూడదని చట్టం చేసి, మూడు నుంచి ఎనిమిది తరగతుల వరకు ఏటా పరీక్ష తప్పనిసరి చేసింది. అట్లాంటాలో ఏం జరిగిందో అక్కడ ఉన్న మన బంధువులను అడగండి. 2011లో జార్జియా రాష్ట్ర విచారణలో 44 బడుల్లో మోసం జరిగిందని, 178 మంది ఉపాధ్యాయులు, ప్రిన్సిపాళ్లకు అందులో చేయి ఉందని తేలింది. పిల్లల తప్పు జవాబులు చెరిపి ఒప్పులు దిద్దారు. 2015లో 11 మందికి కోర్టులో నేరం రుజువైంది. వాళ్లంతా దొంగలై టీచర్లయినవాళ్లు కాదు. మన దగ్గర 2023 ఏప్రిల్ 3న పదో తరగతి పరీక్షల తొలిరోజే, తాండూరులో తెలుగు పేపరు పరీక్ష మొదలైన కాసేపటికే వాట్సాప్‌లోకి వచ్చింది. తెలుగు పేపరు! గిడుగు వారు విని ఉంటే ఏమనేవారో.

ఇక్కడ తల్లిదండ్రుల మాట కూడా చెప్పాలి. బోరబండలో ఇళ్లల్లో పనిచేసే ఒక తల్లి నన్ను అడిగింది, "సార్, మావోడు మంచిగ సదువుతుండని టీచర్ అంటది. ఏమో, నాకెట్ల ఎర్కయితది?" ఆమెకు టీచరు స్వేచ్ఛ కంటే ముందు ఒక సాక్ష్యం కావాలి. 2005 నుంచి అసర్ సర్వే వాళ్లు ఇంటింటికీ వెళ్లి పిల్లవాడి ముందు రెండో తరగతి కథ పెట్టి చదవమంటే, ఐదో తరగతి వాళ్లలో చాలామంది చదవలేకపోయిన సంగతి దేశానికి తెలిసింది. ఆ పరీక్షే లేకపోతే ఆ తల్లిని మనం ఇంకా మభ్యపెడుతూనే ఉండేవాళ్లం. బయటివాడు కొలవడం అవసరమే. అయితే కొలిచే తీరులో తేడా ఉంది. అసర్ వాళ్లు కొందరినే ఎంచుకుని చూస్తారు, బడికి ర్యాంకు ఇవ్వరు. అందుకే దాని కోసం ఎవరూ ట్యూషన్ పెట్టించరు.

ప్రభుత్వం చేసే జాతీయ సర్వే కూడా అలాంటిదే కావాలి. 2017, 2021ల్లో న్యాస్ పేరుతో జరిగింది, 2024 డిసెంబరు 4న పరఖ్ పేరుతో 3, 6, 9 తరగతుల్లో జరిగింది. అది కూడా కొన్ని బడుల నమూనా సర్వేనే. ఏ పిల్లవాడికీ అందులో పాస్ ఫెయిల్ లేదు. కానీ రాష్ట్రాలకు ర్యాంకులు వస్తాయి. అందుకని సర్వే దగ్గరపడుతుంటే ఓఎంఆర్ సాధన చేయించమని, మోడల్ పేపర్లు పెట్టించమని బడులకు కబురు వస్తుంది. జ్వరం చూసే ముందు థర్మామీటరును చన్నీళ్లలో ముంచినట్టు. తర్వాత ఆ అంకె చూసి మందు రాస్తారు.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2023లో అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని మూడో తరగతి నుంచే టోఫెల్ తెచ్చారు. వెయ్యి బడులను సీబీఎస్ఈలోకి మార్చారు. 2024లో ప్రభుత్వం మారాక రెండూ వెనక్కి పోయాయి. తేవడం మంచిదా, తీసేయడం మంచిదా అన్న చర్చ రాజకీయులకు వదిలేద్దాం. తెచ్చేటప్పుడు టీచర్లను ఎవరూ అడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు. ఆ మధ్యలో ఆ పేపర్లకు తగ్గట్టు పాఠం మార్చుకున్నది మాత్రం వాళ్లే.

ఇప్పుడు పరీక్ష టీచర్ల మీదికే తిరిగింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, పాసవ్వకుండా ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్నవాళ్లంతా రెండేళ్లలో దాన్ని పాసవ్వాలి. ఇరవై ఏళ్లుగా గణితం చెబుతున్నవాళ్లు స్టాఫ్‌రూమ్‌లో బిట్ బ్యాంకులు తిరగేస్తున్నారు. లీజర్ పీరియడ్‌లో పిల్లల నోట్సులు దిద్దేవాళ్లు ఇప్పుడు మోడల్ పేపర్లు దిద్దుకుంటున్నారు. నాణ్యత కోసమే ఇదంతా అంటున్నారు. తాడుతో గదులు కట్టించిన ఆ టీచరమ్మ కూడా టెట్‌కు చదువుతోంది. పలకకుండా ఊరుకోగలగడం ఆ పరీక్షలో ఏ బిట్టు కింద వస్తుందో నాకు తెలియదు.

పరీక్షతో కాక తోటివాళ్ల మాటామంతీతో టీచరును బలపరచాలని చూసిన రోజులూ ఉన్నాయి. పాతవాళ్లకు ఏపీపెప్ గుర్తుండాలి. 1980లలో బ్రిటిష్ సాయంతో మన ప్రాథమిక బడుల్లో మొదలైన కార్యక్రమం. దాని లోపాలు దానికున్నాయి. గోడలకు వేలాడదీసిన పిల్లల పనులు కొన్నిచోట్ల తనిఖీ కోసమే వేలాడాయి. కానీ ఒక మంచి పని చేసింది, ఊళ్ల మధ్య టీచర్ సెంటర్లు పెట్టింది. టీచర్లు కూడి, నేనిలా చెప్పాను, పిల్లలకు ఇక్కడ తట్టుకుంది అని మాట్లాడుకునే చోటు. అలాంటి చోటుగా ఇప్పుడు స్కూల్ కాంప్లెక్స్ మీటింగులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఉత్తర్వులు చదవడానికి, యాప్ ఎలా డౌన్‌లోడ్ చేసుకోవాలో చూపించడానికి సరిపోతోంది.

నేను అడిగేది పెద్దదేమీ కాదు, ఖర్చు లేనిదే. పదో తరగతి బోర్డు పరీక్షను బోర్డే పెట్టుకోనివ్వండి. రాష్ట్రం ఎక్కడుందో తెలుసుకోవడానికి నమూనా సర్వే చేసుకోండి, దానికి సాధన చేయించడం నిషేధించండి. ఒకటి నుంచి తొమ్మిది వరకు ఎఫ్.ఏ. పేపర్లు మాత్రం ఆ తరగతి టీచరుకు తిరిగి ఇచ్చేయండి. ప్రశ్న ఆమెదే, తేదీ ఆమెదే. ఆ మార్కులు పోర్టల్‌లో ఎక్కించకండి, ఏ ర్యాంకుకూ లెక్కించకండి. అప్పుడు 20కి 20 వేయాల్సిన అవసరమూ ఉండదు. వేసిన మార్కును మాత్రం ఆ తల్లికి కూర్చోబెట్టి చెప్పాలి, పిల్లవాడి చేత ఆమె ముందే చదివించాలి.

ఇక అజమాయిషీ ఎలాగంటారా? నెలనెలా కాంప్లెక్స్ మీటింగుకు ప్రతి టీచరూ తన తరగతి నుంచి మూడు జవాబుపత్రాలు పట్టుకురావాలి. ఒకటి బాగా రాసినవాడిది, ఒకటి రాయలేనివాడిది, ఒకటి తనకు అంతుపట్టనిది. తోటి గణితం టీచర్లు, తోటి తెలుగు టీచర్లు వాటిని ముందేసుకుని, ఈ ప్రశ్న ఎందుకడిగావు, ఈ జవాబుకు ఏం చేశావు అని అడగాలి. అలా అడిగే తోటి టీచరు ముందు డొల్ల పని చేయడం ఏ నోడల్ ఆఫీసర్ ముందు చేయడం కంటే కూడా కష్టం. ఈ హాల్లోనే ఎర్రగడ్డ, బోరబండ, యూసుఫ్‌గూడ బడుల వాళ్లున్నారు. వచ్చే నెల మీటింగుకు ఉత్తర్వు కోసం చూడకుండా మీరే ఈ పని మొదలుపెట్టవచ్చు. ఆ '6 ఫీట్లు' రాసిన పేపరు నా దగ్గర ఉంది, మూడోరకం కట్టలో దాన్ని వేసుకోండి.